బ్యాక్టీరియా గుమ్మంలోంచి ఆంపిసిలిన్‌ని దాటించడం ఎలా: మొదటిసారి సిమ్యులేషన్ చేసేవాళ్ల కోసం

పెన్సిలిన్ జీ బొమ్మ, ఆంపిసిలిన్ బొమ్మ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చూడండి. అదే బీటా లాక్టమ్ రింగు, అదే కార్బాక్సిల్ గ్రూపు, చివర అదే బెంజీన్ రింగు, తేడా అంతా ఒకే ఒక్క ఎమైనో గ్రూపు. అయినా పెన్సిలిన్ జీకి ఈ.కోలై అనే బ్యాక్టీరియా పెద్దగా లొంగదు, 1961లో బీచమ్ వాళ్లు తెచ్చిన ఆంపిసిలిన్‌కి లొంగింది (ఆ రోజుల్లో లెండి, ఇప్పుడు రెసిస్టెన్స్ గోల వేరు). పోనీ ఆంపిసిలిన్ ఏమన్నా సన్నదా అంటే అదీ లేదు, పెన్సిలిన్ జీ బరువు 334 డాల్టన్లయితే ఇది 349. లావుగా ఉన్నది లోపలికి పోతోంది, సన్నగా ఉన్నది గుమ్మం దగ్గర తచ్చాడుతోంది. ఎందుకలా అనేది మన కంప్యూటర్లో ఆటమ్ ఆటమ్‌నీ కదిలించే సిమ్యులేషన్ (మాలిక్యులర్ డైనమిక్స్, పొట్టిగా ఎండీ) నడిపి మనమే చూసుకోవచ్చు, అదెలాగో చెప్తాను. నేను తిన్న ఎదురుదెబ్బలు కూడా మధ్యమధ్యలో చెప్తా, అవే ఎక్కువ పనికొస్తాయి.

ముందు ఆ గోడ గురించి రెండు ముక్కలు. ఈ.కోలై లాంటి, రెండు పొరలుండే గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా బయటి పొర మామూలు లిపిడ్ పొర కాదు, లోపలి వైపు ఫాస్ఫోలిపిడ్లు ఉంటాయి, బయటి వైపు లైపోపాలీశాకరైడ్ ఉంటుంది, దీన్నే అందరూ ఎల్‌పీఎస్ అంటారు. ఒక్కో ఎల్‌పీఎస్‌కి బోలెడు నెగటివ్ చార్జ్, వాటన్నిటినీ కాల్షియం, మెగ్నీషియం అయాన్లు కలిపి కుట్టేసినట్టు పట్టుకుంటాయి. ఆంపిసిలిన్ లాంటి నీళ్లలో కరిగే మందు ఈ పొరలోంచి నేరుగా దూరడం కష్టం, అది పోరిన్ అనే ప్రొటీన్ గొట్టంలోంచి పోవాలి. ఈ.కోలైలో ఓఎంపీఎఫ్, ఓఎంపీసీ అని రెండు ముఖ్యమైన పోరిన్లు, సుమారు 600 డాల్టన్ల లోపు ఉన్నవాటినే ఇవి రానిస్తాయి. వాంకోమైసిన్ 1449 డాల్టన్లు, దానికి ఈ దారే లేదు. మనం ఓఎంపీఎఫ్‌తో మొదలుపెడదాం, దీని మీద జరిగినంత పని ఇంకే పోరిన్ మీదా జరగలేదనుకుంటా, చేసింది సరిపోల్చుకోవడానికి ప్రయోగాల ఫలితాలు కూడా ఉన్నాయి.

కావాల్సినవి: ఒక గ్రాఫిక్స్ కార్డు ఉన్న లినక్స్ మెషీను, సిమ్యులేషన్ నడిపే గ్రోమాక్స్, దానికి ప్లూమ్డ్ (మందుని తోసే బలాలు కలిపే ప్రోగ్రాము) ప్యాచ్ వేసి కంపైల్ చేసుకోవాలి, సిస్టం కట్టుకోవడానికి చామ్-జీయూఐ వెబ్‌సైటు, చూసుకోవడానికి వీఎండీ. చదువుకునేవాళ్లకి ఇవన్నీ ఫ్రీనే. సిస్టం సుమారు లక్షన్నర ఆటమ్‌లకి వస్తుంది, నా గేమింగ్ కార్డు మీద రోజుకి యాభై అరవై నానోసెకన్లు నడిచేది, కంప్యూటరు ఉన్న గదిలో ఫ్యాన్ వేసినా వేడే. పెద్దగా చెయ్యాలనుకుంటే ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ లాంటి సూపర్‌కంప్యూటర్ల మీద టైము కోసం మీ గైడ్‌ని అడగండి, కానీ మొదటి రన్ మాత్రం సొంత మెషీను మీదే చెయ్యండి, తప్పులన్నీ అక్కడ చేసేస్తే క్యూలో నిలబడి తప్పులు చెయ్యాల్సిన పని ఉండదు.

ఇప్పుడు స్ట్రక్చర్. ప్రొటీన్ డేటా బ్యాంకులో 2ఓఎంఎఫ్ అనే ఎంట్రీ తీసుకోండి, 2.4 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక్కోటి నానోమీటరులో పదోవంతు) రిజల్యూషన్. తెరిచి చూస్తే అందులో ఒకటే చైన్ ఉంటుంది, కంగారుపడకండి, ఓఎంపీఎఫ్ నిజంగా ఉండేది మూడు గొట్టాల గుత్తిగా, మిగతా రెండూ సిమెట్రీతో వస్తాయి. బయలాజికల్ అసెంబ్లీ దించుకోండి, లేదా ఓపీఎం డేటాబేస్ నుంచి తీసుకుంటే మెంబ్రేన్‌లో (లిపిడ్ పొరలో) ఎలా నిలబడాలో అలా నిలబెట్టి ఇస్తారు, నాకైతే అదే సుఖం. ఒక్క గొట్టంతో సరిపెట్టేద్దాం, ఆటమ్‌లు తగ్గుతాయి కదా అని అనిపిస్తుంది. వద్దు, మూడు గొట్టాలూ ఒకదానికొకటి ఆనుకుని నిలబడే ప్రొటీన్ అది, విడదీస్తే ఆనుకునే గోడ కాస్తా లిపిడ్ వైపు తిరిగిపోతుంది.

అమైనో ఆమ్లాల నంబర్ల దగ్గర ఒక జాగ్రత్త. పేపర్లలో డీ113, ఈ117 అని రాస్తారు (డీ అంటే ఆస్పార్టేట్, ఈ అంటే గ్లూటమేట్, వెనక అంకె వరసలో దాని నంబరు), అవి సిగ్నల్ పెప్టైడ్ (ప్రొటీన్‌ని దాని చోటికి చేర్చి తెగిపోయే ముందు ముక్క) తీసేశాక మిగిలిన 340 అమైనో ఆమ్లాల లెక్క. యూనిప్రాట్ డేటాబేస్‌లో సీక్వెన్స్ తీసుకుంటే ముందు 22 ఎక్కువ ఉంటాయి, మొత్తం 362, అక్కడ 113 కోసం వెతికితే వేరేదేదో దొరుకుతుంది. నేను ఒకసారి మ్యుటేషన్ పెట్టినప్పుడు ఈ 22 కలపడం మర్చిపోయి ఎక్కడో గోడలో ఉన్న అమైనో ఆమ్లాన్ని మార్చేసి, చూశారా మ్యుటేషన్‌తో ఏ తేడా రాలేదు అని మీటింగ్‌లో చెప్పాను కూడా. కాబట్టి నంబరు నమ్మకండి, వీఎండీలో తెరిచి అది గొట్టం మధ్యలోకి చూస్తోందా లేదా కళ్లతో చూసుకోండి.

అలా చూసేటప్పుడే ఆ ఇరుకు చోటుని బాగా పరిచయం చేసుకోండి, కథంతా అక్కడే నడుస్తుంది. పదహారు బీటా స్ట్రాండ్లతో గొట్టం, అందులో ఎల్3 అనే లూపు బయటికి పోకుండా గొట్టం లోపలికి మడుచుకుని మధ్యలో సందు చేస్తుంది, సుమారు 7 బై 11 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆ లూపు మీద డీ113, ఈ117, అంటే నెగటివ్. ఎదురు గోడ మీద ఆర్42, ఆర్82, ఆర్132, మూడూ ఆర్జినిన్లు, పాజిటివ్. ఒక పక్క మైనస్, ఎదురుగా ప్లస్, మధ్యలో అడ్డంగా గట్టి ఎలక్ట్రిక్ ఫీల్డు. ఈ బొమ్మ మనసులో ఉంచుకోండి.

తర్వాత ప్రోటాన్ల సంగతి. ప్రోప్కా అనే ప్రోగ్రాము రన్ చేసి ఏ గ్లూటమేట్, ఏ ఆస్పార్టేట్ ప్రోటాన్ పట్టుకుని ఉందో చూసుకోవాలి. ఓఎంపీఎఫ్‌లో ఈ296ని ప్రోటాన్‌తో పెట్టడం మామూలు, దాన్ని ఉత్త నెగటివ్‌గా వదిలేస్తే సందు దగ్గర చార్జుల లెక్క మారిపోతుంది. డీ312 కూడా ఒకసారి చూడండి, దాని మీద వాదనలున్నాయి.

ఇప్పుడు మందు. ఇక్కడే నావి రెండు వారాలు మట్టిలో కలిశాయి. పబ్‌కెమ్ డేటాబేస్ నుంచి ఆంపిసిలిన్ దించుకుంటే చార్జ్ లేని రూపం వస్తుంది, ఒక పక్క సీఓఓహెచ్, ఇంకో పక్క ఎన్‌హెచ్2. నీళ్లలో అది అలా ఉండదు, కార్బాక్సిల్ ప్రోటాన్ వదిలేసి మైనస్ అవుతుంది, ఎమైనో గ్రూపు ప్రోటాన్ పట్టుకుని ప్లస్ అవుతుంది, అంటే జ్విటర్‌అయాన్. తమాషా ఏంటంటే రెండు రూపాల్లోనూ మొత్తం చార్జ్ సున్నానే, కాబట్టి గ్రోమాక్స్ ఒక్క వార్నింగ్ కూడా ఇవ్వదు, సిస్టం శుభ్రంగా కడుతుంది, రన్ శుభ్రంగా నడుస్తుంది, గ్రాఫ్ అందంగా వస్తుంది, అంతా తప్పు. దించుకున్న ఫైల్లో నైట్రోజన్ మీద మూడు హైడ్రోజన్లు ఉన్నాయా అని లెక్కపెట్టుకోండి, అర నిమిషం పని. ఇంకో మెలిక, ఆ అమీన్ (ఎమైనో గ్రూపే) పీకేఏ, అంటే సగం మాలిక్యూల్స్ ప్రోటాన్ వదిలేసే పీహెచ్, 7కి కొంచెం పైన ఉంటుంది కాబట్టి పీహెచ్ 7 దగ్గర ప్లస్ చార్జ్ లేని మాలిక్యూల్స్ కూడా కొన్ని తిరుగుతుంటాయి. మనం జ్విటర్‌అయాన్ రూపం మీద చేస్తున్నాం అని నోట్స్‌లో రాసి పెట్టుకోండి. పెన్సిలిన్ జీ అయితే ఈ గొడవ లేదు, మైనస్ 1.

మందు ఆటమ్‌ల మధ్య బలాలు ఎంతో చెప్పే పారామీటర్లకి, మందుని చామ్-జీయూఐలో లిగాండ్ రీడర్‌కి ఇస్తే సీజెన్‌ఎఫ్ఎఫ్ పారామీటర్లు ఇస్తుంది, పక్కనే పెనాల్టీ అని ఒక స్కోరు ఉంటుంది. 10 లోపు అయితే నిశ్చింత, 10 నుంచి 50 అయితే ఒకసారి సరిచూసుకోవాలి, 50 దాటితే క్వాంటమ్ లెక్కలు చేసి సరిదిద్దుకోవాల్సిందే. నాలుగు మూలల బీటా లాక్టమ్ రింగు దగ్గర ఎక్కువ వచ్చే చాన్స్ ఉంది, ఆ వరసలు వదిలేసి ముందుకెళ్లకండి.

మెంబ్రేన్ విషయంలో నా అభిప్రాయం కొంతమందికి నచ్చదు. మొదటి రన్‌కి ఎల్‌పీఎస్ వద్దు, మామూలు ఫాస్ఫోలిపిడ్‌తో చెయ్యండి. మనకి కావాల్సిన సందు గొట్టం నడి మధ్యలో ఉంది, అక్కడ జరిగే దానికి చుట్టూ ఏ లిపిడ్ ఉందనేది మొదటి ప్రశ్న కాదు, పైగా ఎల్‌పీఎస్ కదలడం మహా నెమ్మది, సర్దుకోవడానికే వందల నానోసెకన్లు తినేస్తుంది. పద్ధతి చేతికొచ్చాక, గొట్టం నోటి దగ్గర చక్కెర గొలుసులు ఏం చేస్తున్నాయో చూడాలనుకున్నప్పుడు ఎల్‌పీఎస్ తెచ్చుకోండి.

తెచ్చుకున్నప్పుడు మూడు సంగతులు. ఒకటి, ఎల్‌పీఎస్‌కి సాధారణంగా ఆరు తోకలు, అది కూర్చునే చోటు పెద్దది, కాబట్టి పైన ఒక ఎల్‌పీఎస్‌కి కింద సుమారు మూడు ఫాస్ఫోలిపిడ్లు పడతాయి, ఈ లెక్క తప్పితే మెంబ్రేన్ చాపలా చుట్టుకోవాలని చూస్తుంది. రెండు, ఏ వైపు బయట అనేది సరిచూసుకోండి, పోరిన్‌కి పొడవాటి లూపులున్న వైపు బయట, పొట్టి మలుపులున్న వైపు పెరిప్లాజమ్ (బ్యాక్టీరియా రెండు పొరల మధ్య చోటు), ఎల్‌పీఎస్ పొడవాటి లూపుల వైపే ఉండాలి. మూడోది కాల్షియం, ఫాస్ఫేట్ల దగ్గర కాల్షియం అయాన్లు పెట్టాలి, ఉప్పు కలిపేటప్పుడు అన్నీ పొటాషియమే అని టిక్కు పెట్టేస్తే కుట్లు విప్పేసినట్టే. నిజానికి కొలిస్టిన్ అనే మందు చేసే పని అదే, ఆ అయాన్లని నెట్టేసి అక్కడ తను కూర్చుని పొరని చెడగొడుతుంది. చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన ఆ మందుని మనవాళ్లు కోళ్ల దాణాలో కూడా కలిపేవాళ్లు, 2019లో కేంద్రం ఆహారానికి పెంచే జంతువులకి వాడకుండా నిషేధించింది. సరే, అది వేరే సిమ్యులేషన్.

సిస్టం కట్టాక చామ్-జీయూఐ 6.1 నుంచి 6.6 దాకా ఆరు ఈక్విలిబ్రేషన్ (సిస్టం సర్దుకునే) ఫైళ్లు ఇస్తుంది, ప్రొటీన్‌ని, లిపిడ్లని పట్టుకున్న పట్టు ఒక్కో ఫైల్లో కొంచెం కొంచెం వదులుతుంది. ఏదీ దాటెయ్యకండి. 310 కెల్విన్, 2 ఫెమ్టోసెకన్ల స్టెప్, మెంబ్రేన్ కాబట్టి ప్రెషర్ సెమీ ఐసోట్రోపిక్, కటాఫ్ 1.2 నానోమీటర్లు, వాండర్‌వాల్స్‌కి 1.0 నుంచి ఫోర్స్ స్విచ్. మనం వాడే చామ్36 ఫోర్స్‌ఫీల్డుకి (ఆటమ్‌ల మధ్య బలాల సూత్రాల కట్టకి) ఇవి ఇలాగే ఉండాలి, ఇంకో ఫోర్స్‌ఫీల్డు ట్యుటోరియల్లోంచి సెట్టింగులు తెచ్చి అతికించకండి. తర్వాత మందు లేకుండా ఒక యాభై, వంద నానోసెకన్లు వదిలేసి, ఎల్3 లూపు ఉన్నచోటే ఉందా, సందులో నీళ్లు ఉన్నాయా, మూడు గొట్టాలూ ఒకేలా ఉన్నాయా చూడండి. ఓపికుంటే 1 మోలార్ పొటాషియం క్లోరైడ్ పెట్టి ఎలక్ట్రిక్ ఫీల్డు ఇచ్చి అయాన్లని లెక్కపెట్టండి, ప్రయోగాల్లో మూడు గొట్టాలకీ కలిపి సుమారు 4 నానోసీమెన్స్ కండక్టెన్స్ వస్తుంది. టీఐపీ3పీ (సిమ్యులేషన్‌లో నీళ్ల నమూనా) నీళ్లు నిజం నీళ్లకన్నా చురుగ్గా కదులుతాయి కాబట్టి మీకు ఎక్కువ రావొచ్చు, ఫర్లేదు, సున్నా మాత్రం రాకూడదు.

ఇక అసలు పని. మందుని గొట్టం నోట్లో పెట్టి మామూలు ఎండీ నడిపి, అదే పోతుందిలే అని కూర్చుంటే మన రిటైర్‌మెంట్ వస్తుంది. మధ్యలో ఎనర్జీ గట్టు 10 కేటీ (ఆ వేడికి మాలిక్యూల్ కదలికల్లో ఉండే ఎనర్జీ కొలత) ఎత్తుందనుకోండి, 310 కెల్విన్ దగ్గర ఒక కేటీ అంటే మోల్‌కి 2.58 కిలోజౌల్స్, అంటే గట్టు సుమారు 26 కిలోజౌల్స్, ఎక్స్‌పోనెన్షియల్ వేస్తే గట్టు మీద కనపడే అవకాశం ఇరవై రెండు వేలలో ఒకటి. అందుకే మెటాడైనమిక్స్, 2002లో లాయో, పరినెల్లో పెట్టిన పద్ధతి. రోడ్డు మీద గుంతల్లో మట్టి పోసుకుంటూ పోయినట్టు, మాలిక్యూల్ ఎక్కడ ఎక్కువసేపు కూర్చుంటే అక్కడ కొంచెం కొంచెం ఎనర్జీ పోస్తూ దాన్ని లేపడమే. చివర్లో ఎంత మట్టి పట్టిందో చూస్తే గుంత ఎంత లోతో తెలిసిపోతుంది, ఆ గుంతలు, గట్ల బొమ్మే మన గ్రాఫ్. వెల్-టెంపర్డ్ రకమే వాడండి, అందులో పోసే మట్టి పోనుపోను తగ్గుతుంది.

దేని మీద పోయాలి అన్నదే ముఖ్యం. మొదటిది సులువు, గొట్టం పొడుగునా మందు ఎక్కడుంది అన్న జెడ్ దూరం, ఆ ఒక్క గొట్టం గోడల సీ-ఆల్ఫా (ఒక్కో అమైనో ఆమ్లం నడిమి కార్బన్) ఆటమ్‌ల మధ్య బిందువు నుంచి కొలవాలి. చాలామంది దీనితో ఆపేస్తారు, అక్కడే దెబ్బతింటారు. ఇరుకు మెట్ల మీద బీరువా ఎక్కించడం చూసే ఉంటారు, మెట్టు మీద ఎక్కడుందనేది ఒక్కటే సరిపోదు, ఎటు తిప్పి పట్టుకున్నారు అన్నది అంతకన్నా ముఖ్యం, మలుపు దగ్గర తిప్పకపోతే ఎంత బలం పెట్టినా గోడ సున్నం ఊడుతుందే కానీ బీరువా కదలదు. మందూ అంతే. కాబట్టి రెండోది, కార్బాక్సిల్ కార్బన్ నుంచి అమీన్ నైట్రోజన్‌కి గీత గీస్తే ఆ గీత జెడ్ భాగం ఎంత అన్నది. ప్లూమ్డ్‌లో డిస్టెన్స్ కాంపొనెంట్‌తో ఒక్క లైను. పెన్సిలిన్ జీకి అమీన్ లేదు కదా, అక్కడ బెంజీన్ రింగు మధ్య బిందువు వాడుకోండి, పోలిక సరిగ్గా ఉండాలంటే ఆంపిసిలిన్‌కి కూడా అదే గీతతో ఇంకో రన్ చెయ్యండి.

నేను వాడే అంకెలు: హిల్ (ఒక్కోసారి పోసే మట్టి కుప్ప) ఎత్తు 1 కిలోజౌల్, వెడల్పు రెండింటికీ 0.05 నానోమీటర్లు, ప్రతి 1 పికోసెకనుకీ ఒకటి, బయాస్ ఫ్యాక్టర్ (కుప్పలు ఎంత నెమ్మదిగా తగ్గాలన్నది) 10. జెడ్‌కి అటూ ఇటూ 2.5 నానోమీటర్ల దగ్గర ప్లూమ్డ్‌లో గోడలు (మందుని దాటనివ్వని బలం) పెట్టండి, గొట్టం బయటికొచ్చాక పక్కకి కొట్టుకుపోకుండా అడ్డంగా కూడా ఒక గోడ, లేకపోతే మందు పక్క గొట్టంలో దూరి మీ గ్రాఫ్‌ని నాశనం చేస్తుంది. అడ్డం గోడ పెట్టారంటే బయటి నీళ్లలో మందుకి దొరికే చోటు తగ్గించారన్నమాట, పర్మియబిలిటీ (మందు ఎంత సులువుగా దాటుతుందన్న) లెక్క కట్టేటప్పుడు అది గుర్తుంచుకోండి.

జెడ్ విలువ ఉన్నట్టుండి 1 నుంచి మైనస్ 7కి దూకితే భయపడకండి, మందు ఎక్కడికీ పోలేదు. బాక్సు అంచు దగ్గర ప్రొటీన్ రెండు ముక్కలుగా కనపడుతోంది, మధ్య బిందువు తప్పు లెక్క వస్తోంది. ప్లూమ్డ్ ఫైల్లో హోల్‌మాలిక్యూల్స్ అన్న లైనులో ఆ గొట్టాన్ని, మందుని ఇచ్చేస్తే పోతుంది. ఈ ఒక్క లైను కోసం నేను ఒక ఆదివారం అంతా బుర్ర బద్దలు కొట్టుకున్నా.

రన్ నడుస్తుండగా మొదటిసారి మందు సందు దాటిన ఫ్రేములు తీసి, ఒక్కొక్కటిగా చూడండి, హడావిడి పడకండి. నాకు కనపడింది ఇది: ఆంపిసిలిన్ నోట్లోంచి దిగుతూ బెంజీన్ రింగు ముందుకి పెట్టుకుని వచ్చింది, సందు పైన ఆగింది, అక్కడ తిరగడం మొదలుపెట్టింది, ప్లస్ ఉన్న అమీన్ డీ113, ఈ117 వైపు, మైనస్ ఉన్న కార్బాక్సిల్ ఎదురు ఆర్జినిన్ల వైపు. అడ్డంగా ఉన్న ఫీల్డుకి సరిగ్గా తన చార్జులు అమరేలా పడుకుంది. ఆ రెండు చేతుల పట్టు దొరికాక ఒక చెయ్యి వదిలి కిందికి పట్టుకుని, రెండో చెయ్యి వదిలి, అలా దిగిపోయింది. సందులో నీళ్లు వదులుకోవడం వల్ల పడే నష్టాన్ని ఈ పట్టు పూడుస్తుంది. ఆ ఎమైనో గ్రూపు చేసే ఉద్యోగం ఇదే. ఆంపిసిలిన్ లాంటి జ్విటర్‌అయాన్ పెన్సిలిన్లు ఓఎంపీఎఫ్‌లో ఇలా పట్టుకుని దాటతాయని 2006లోనే ప్రయోగం, సిమ్యులేషన్ కలిపి చూపించిన పేపరుంది, కాబట్టి మీకు ఇందుకు పూర్తి వ్యతిరేకంగా వస్తే ముందు మీ ఫైళ్లని అనుమానించండి.

ఎప్పుడు ఆపాలి అని అందరూ అడుగుతారు. ఒక్కసారి దాటగానే ఆపేస్తే అది ఫలితం కాదు, అదృష్టం. మందు పైనుంచి కిందికి, కిందనుంచి పైకి కొన్నిసార్లు తిరగాలి, నేనైతే కనీసం నాలుగైదు రౌండ్లు చూడకుండా ఆపను. పడే హిల్స్ ఎత్తు బాగా తగ్గిపోవాలి, చివరి మూడోవంతు రన్‌లో గట్టు ఎత్తు ఒక కేటీ కన్నా ఎక్కువ ఊగకూడదు. అన్నిటికన్నా గట్టి పరీక్ష ఏంటంటే ఒక రన్ బయటి వైపు నుంచి, ఇంకో రన్ పెరిప్లాజమ్ వైపు నుంచి మొదలుపెట్టడం, రెండూ ఒకే గ్రాఫ్ ఇవ్వాలి. ఇవ్వకపోతే మీరు పట్టించుకోని నెమ్మదైన కదలిక ఇంకోటేదో ఉంది, ఎల్3 లూపు కదలడమో, నీళ్లు సర్దుకోవడమో, మందు లోపల ఏదో బాండు తిరగడమో.

కరెంటు పోతే కంగారొద్దు, గ్రోమాక్స్ పదిహేను నిమిషాలకోసారి చెక్‌పాయింట్ రాస్తుంది, అక్కడినుంచి ఎత్తుకోవచ్చు. కానీ ప్లూమ్డ్ కూడా రీస్టార్ట్‌గా మొదలవకపోతే అది పాత హిల్స్ ఫైలుని పక్కకి తోసేసి కొత్తది మొదలుపెడుతుంది, మీరు అప్పటిదాకా పోసిన మట్టంతా మాయం. పడుకునే ముందు ఆ ఫైలుకి ఒక కాపీ తీసుకోవడం అలవాటు చేసుకోండి.

వచ్చిన గ్రాఫ్‌ని దేనితో పోల్చాలి అంటే, ఎంఐసీతో (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మోతాదుతో) మాత్రం నేరుగా పోల్చకండి. మందు లోపలికి పోయినా పెరిప్లాజమ్‌లో బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్ దాని రింగుని కోసెయ్యొచ్చు, ఏసీఆర్ఏబీ-టోల్‌సీ పంపు బయటికి తోసెయ్యొచ్చు, వీటన్నిటి కలగలుపు ఎంఐసీ, మనం చూసింది ఒక్క గుమ్మాన్ని. పోల్చాల్సింది ఒకే పోరిన్‌తో చేసే ఎలక్ట్రోఫిజియాలజీతో (గొట్టంలో పారే అయాన్ల కరెంటు కొలవడంతో), అక్కడ కూడా కరెంటు కాసేపు ఆగింది అంటే మందు సందులో కూర్చుందని తెలుస్తుంది కానీ అది దాటిందో వెనక్కి వచ్చేసిందో ఆ ఒక్క గీత చెప్పదు. అది చెప్పగలిగేది మీ గ్రాఫే, గట్టుకి ఏ పక్క ఎత్తు తక్కువుందో చూసి.

ఆంపిసిలిన్ అయ్యాక అవే ఫైళ్లు, అవే గోడలు, అవే హిల్స్‌తో పెన్సిలిన్ జీ నడపండి, మధ్యలో ఏ సెట్టింగూ మార్చకండి. సందు దగ్గరికి వచ్చినప్పుడు దానికి ఆర్జినిన్ల వైపు ఒక్క చెయ్యే ఉంది, ఎల్3 వైపు పట్టుకోవడానికి ఏమీ లేదు, అక్కడ అది ఎంతసేపు ఎలా గింజుకుంటుందో చూడండి. ఆ తర్వాత డీ113ని ఆస్పరజిన్‌గా, ఈ117ని గ్లూటమిన్‌గా మార్చి ఆంపిసిలిన్‌ని మళ్లీ పంపండి, ఈసారి చెయ్యి ఉంది, పట్టుకోవడానికి గోడ మీద కొక్కెం లేదు. 113 అనేదాన్ని ముందు వీఎండీలో చూసుకోవడం మాత్రం మర్చిపోకండి.